రసీన్ నాటకాల్లో ముందు ఏది చదవాలి: ‘ఫేడ్రా’నా, ‘ఆండ్రొమకి’నా, ‘ఇఫిజీనియా’నా?

సారంగధరుడి కథ తెలిసినవాళ్లకి ‘ఫేడ్రా’ కథ విడిగా చెప్పక్కర్లేదు. రాజు ఊళ్లో లేడు. సవతి తల్లికి కొడుకు వరసైన కుర్రాడి మీద మనసైంది. అతను ఒప్పుకోలేదు. నింద తిరిగి అతని మీదే పడింది. తండ్రి ముందూ వెనకా చూడకుండా శిక్ష వేశాడు. మన రాజమహేంద్రవరం కథలో రాజరాజ నరేంద్రుడు కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడు. గ్రీకు కథలో థీసియస్ సముద్రదేవుణ్ణి పిలిచి, నాకు బాకీ ఉన్న వరం ఇప్పుడు తీర్చు, వీణ్ణి చంపు అన్నాడు. తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వెంకటకవి ‘సారంగధర చరిత్ర’ రాసిన శతాబ్దంలోనే, 1677 జనవరి 1న, పారిస్‌లో ఫ్రెంచి నాటకకర్త రసీన్ తన ‘ఫేడ్రా’ ఆడించాడు.

ఫ్రెంచి క్లాసికల్ ట్రాజెడీ చదవాలనుంది, దేనితో మొదలుపెట్టను అని అడిగేవాళ్లు అప్పుడప్పుడూ తగులుతుంటారు. ఒకప్పుడు ‘ఆండ్రొమకి’ చదవండి, కథ పరుగెడుతుంది అనేదాన్ని. ఇప్పుడు తెలుగువాళ్లెవరైనా అడిగితే ‘ఫేడ్రా’ అంటున్నాను. ఎందుకు మనసు మార్చుకున్నానో చెప్తాను. కొందరికి మాత్రం పాత సలహానే పనికొస్తుంది, అదీ చెప్తాను.

పేర్ల సంగతి ముందే. ఫ్రెంచివాళ్లు ‘ఫెద్ర్’, ‘ఆంద్రొమాక్’, ‘ఇఫిజెనీ’ అంటారు. మీ చేతికొచ్చేది ఇంగ్లీషు అనువాదమే కాబట్టి పాత్రల పేర్లు ఇంగ్లీషులో కనిపించే తీరుకి దగ్గరగా రాస్తున్నాను.

ముందు ఒక అలవాటు మార్చుకోవాలి

ఈ నాటకాల్లో తర్వాత ఏమవుతుందో అన్న టెన్షన్ కోసం చూస్తే రెండో అంకంలోనే పుస్తకం మూసేస్తారు. రసీన్ ప్రేక్షకులకి కథ ముందే తెలుసు. హరిశ్చంద్ర నాటకం చూడ్డానికి వెళ్లినవాళ్లకి కాటిసీను వస్తుందని తెలీదా? తెలిసే వెళ్తారు. ఆ పద్యం ఈయన ఎలా పాడతాడో వినడానికి వెళ్తారు, బాగుంటే వన్స్ మోర్ అంటారు. ఫ్రెంచి ట్రాజెడీలో పొడుగాటి ప్రసంగాలకి ‘తిరాద్’ అని పేరు. మన పద్యం చేసే పని అక్కడ తిరాద్ చేస్తుంది. రాగం ఉండదు, లయ ఉంటుంది.

ఆ లయ ఏమిటంటే, పాదానికి పన్నెండు అక్షరాలు, ఆరు దగ్గర ఒక ఆగుడు, రెండేసి పాదాలకి చివర ప్రాస. ద్విపద విన్న చెవికి ఈ జంట నడక కొత్తగా ఉండదు. మన యతి అక్షరాల స్నేహం, వాళ్లది ఊపిరి తీసుకునే చోటు. ‘ఫేడ్రా’ మొదటి అంకంలో హిప్పోలిటస్ తన సవతి తల్లి పేరు చెప్పకుండా ఆమెను ఇలా అంటాడు: లా-ఫి-య-ద-మి-నోస్, ఎ-ద-ప-జి-ఫ-ఎ. మినోస్‌కీ పసిఫయేకీ పుట్టిన కూతురు అని అర్థం. అంతే, ఒక్క విశేషణం కూడా లేదు. కానీ మినోస్ పాతాళంలో చచ్చినవాళ్లకి తీర్పు చెప్పే జడ్జి. పసిఫయే ఎద్దు మీద మోహంతో మినోటార్‌ని కన్న తల్లి. తీర్పు చెప్పే తండ్రీ, కోరిక ఆపుకోలేని తల్లీ ఒకే పాదంలో, ఆగుడుకి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. ఫేడ్రా అంటే ఏమిటో ఆమె స్టేజీ మీదకి రాకముందే చెప్పేశాడు.

నియమాలు కూడా తెలిసుండాలి. కథంతా ఒక్క రోజులో, ఒక్క చోట, ఒక్క దారిలో నడవాలి. హత్యలూ యుద్ధాలూ స్టేజీ మీద చూపించకూడదు, ఎవరో వచ్చి చెప్పాలి. కాబట్టి కళ్లముందు జరిగేది మాటే. ఒకళ్లు నోరు తెరవడం, ఇంకొకళ్లు నోరు మూసుకోవడం, అవే ఇక్కడ ఫైట్లు.

‘ఫేడ్రా’ ముందు ఎందుకంటే

ఈ నాటకం మొత్తం ఎప్పుడు నోరు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నదాని మీదే నిలబడింది. ఫేడ్రా మూడుసార్లు బయటపడుతుంది. మొదట దాదికి, తర్వాత హిప్పోలిటస్‌కి, ఆఖరున మొగుడికి. 1,654 పాదాల నాటకానికి ఈ మూడూ మూడు గుంజలు.

మొదటిది చూడండి. ఫేడ్రా తిండి మానేసింది, నిద్ర లేదు, కట్టుకున్న ముసుగులూ నగలూ బరువంటుంది. దాది ఈనోన్ కాళ్లు పట్టుకుని బతిమాలుతుంది. ప్రేమే అని తేలింది. ఎవరిని? ఫేడ్రా చెప్పదు. ఆ అమెజాన్ (ఆడ యోధుల జాతి) స్త్రీ కొడుకు, నేనే ఇన్నాళ్లూ పీడించిన ఆ రాకుమారుడు అని చుట్టూ తిరుగుతుంది. “హిప్పోలిటసా? దేవుడా!” అంటుంది దాది. దానికి ఫేడ్రా: “ఆ పేరు అన్నది నువ్వే.”

ఈ మాట దగ్గర నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. తాతయ్య పేరు ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లల చేత చెప్పించేది, తను మాత్రం పలికేది కాదు. అక్కడ గౌరవం, ఇక్కడ పాపభయం. పేరు పలికితే ఏదో అయిపోతుందన్న నమ్మకం మాత్రం రెండు చోట్లా ఉంది. ఈ సీనుని తెలుగు పాఠకులకి విప్పి చెప్పనక్కర్లేదు అనేది ఇందుకే.

రెండోది ఇంకా మనది. థీసియస్ చచ్చిపోయాడని కబురొచ్చింది. తన బిడ్డని కాపాడమని అడిగే మిషతో ఫేడ్రా హిప్పోలిటస్ దగ్గరికి వస్తుంది. నా భర్త మీద ఇంకా ప్రేమ పోలేదు అంటుంది. అయితే ఏ థీసియస్? పాతాళం దాకా వెళ్లిన ఆ ముసలి శృంగారపురుషుడు కాదు, కుర్రవాడు, పొగరున్నవాడు, కాస్త ఎవరికీ లొంగనివాడు, అచ్చం ఇప్పుడు మీలా ఉన్నవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తండ్రి బొమ్మ చెరిపేసి కొడుకు బొమ్మ గీస్తుంది. హిప్పోలిటస్‌కి అర్థమై వణుకుతాడు. ఆమె ఒకసారి సర్దుకుని, నేనెప్పుడన్నాను అలా అని గద్దిస్తుంది. అతను సిగ్గుపడి వెళ్లిపోబోతుంటే, అప్పటిదాకా ‘మీరు’ అంటున్న ఫేడ్రా ఒక్కసారిగా ‘నువ్వు’లోకి దిగుతుంది: కసాయివాడా, నీకు అంతా అర్థమైంది.

ఇంగ్లీషులో ఇది పోతుంది. మీరూ నువ్వూ రెండూ ‘యూ’ అయిపోతాయి. ఎంత గొప్ప అనువాదకుడైనా అరుపునో ఆశ్చర్యార్థకాన్నో పెట్టి తంటాలు పడాల్సిందే. తెలుగువాళ్లం మాత్రం ఆ మెట్టు దిగడం ఎంత పెద్దదో ఇంట్లో రోజూ చూస్తాం. అందుకే రెండో అంకం ఐదో సీను దగ్గర పెన్సిల్‌తో మార్జిన్లో గీత పెట్టుకుని, అక్కణ్ణుంచి మనసులో ‘నువ్వు’ అని మార్చి చదవమంటాను. సీను మారిపోతుంది.

చిత్రాంగి మన కథలో దుర్మార్గురాలిగానే మిగిలింది. ఫేడ్రా అలా మిగలదు. యూరిపిడీస్ క్రీస్తుపూర్వం 428లో రాసిన గ్రీకు నాటకంలో ఆమె మధ్యలోనే ఉరేసుకుని, కుర్రవాడి మీద అబద్ధపు ఫిర్యాదు రాసిపెట్టి పోతుంది. రసీన్ ఆ నేరం దాది మీదకి తోశాడు. అంత నీచం యువరాణికి తగదు, సేవకబుద్ధి ఉన్న దాదికైతే సరిపోతుందని ముందుమాటలో రాశాడు కూడా. ఆ వాక్యం చదివితే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ మార్పు వల్లే ఫేడ్రా చివరిదాకా బతికుంటుంది, నాలుగో అంకం పుడుతుంది.

ఆ అంకంలో ఆమె నిజం చెప్పి హిప్పోలిటస్‌ని రక్షిద్దామనే మొగుడి దగ్గరికి వస్తుంది. థీసియస్ మాటల్లో, వాడు అరిసియాని ప్రేమిస్తున్నాడట అని తెలుస్తుంది. అంతే. ఆడవాళ్లంటేనే గిట్టదనుకున్నవాడికి వేరే అమ్మాయి ఉంది. నోటిదాకా వచ్చిన నిజం అక్కడే ఆగిపోతుంది. ఒక ప్రాణం పోవడానికి కారణం ఆ అరనిమిషపు అసూయ. గ్రీకు నాటకంలో అరిసియా లేదు, ఆమెను కథలోకి తెచ్చింది ఈ మలుపు కోసమే అనిపిస్తుంది. లేకపోతే అరిసియా సీన్లు కాస్త చప్పగానే ఉంటాయి.

ఒక ఇబ్బంది చెప్పాలి. ఐదో అంకంలో థెరామెనిస్ అనే గురువు వచ్చి హిప్పోలిటస్ ఎలా చనిపోయాడో చెప్తాడు. సముద్రంలోంచి రాక్షసజీవం, బెదిరిన గుర్రాలు, పగ్గాల్లో చిక్కుకున్న దేహం. డెబ్భై పాదాలకి పైనే ఉంటుంది. కొడుకు పోయిన తండ్రి ముందు అంత అలంకారం ఏమిటి అని విసుగొస్తుంది, మొదటిసారి నేను పేజీలు తిప్పేశాను. ఆ భాగాన్ని మటుకు గట్టిగా చదవండి. బుర్రకథ వినాల్సింది గానీ కళ్లతో చదివితే ఏముంటుంది?

‘ఆండ్రొమకి’ ఎవరికంటే

కథ కావాలి, ప్లాటు కావాలి, పాత్రలు ఒకరినొకరు తరుముకోవాలి అనేవాళ్లకి ఇదే మొదటిది. 1667 నవంబరు 17న రాజుగారి ముందు ఆడారు, అప్పటికి రసీన్ వయసు ఇరవై ఎనిమిదేళ్లు లోపే. కుర్రతనపు దూకుడు ఉంటుంది.

గ్రీకులతో యుద్ధంలో ట్రాయ్ నగరం కాలిపోయాక సంగతి. ఒరెస్టిస్‌కి హెర్మియోని కావాలి. హెర్మియోనికి పిరస్ కావాలి. పిరస్‌కి తన దగ్గర బందీగా ఉన్న ఆండ్రొమకి కావాలి. ఆండ్రొమకికి చచ్చిపోయిన మొగుడు హెక్టర్ తప్ప ఎవరూ అక్కర్లేదు. ఆ హెక్టర్‌ని చంపిన అకిలీస్ కొడుకే ఈ పిరస్. పైగా ఆమె చిన్నపిల్లవాడి ప్రాణం అతని చేతిలో ఉంది. పెళ్లి చేసుకో, లేకపోతే పిల్లాణ్ణి గ్రీకులకి అప్పగిస్తా అంటాడు. ఆండ్రొమకి ఇటు ఒక మాటంటే పిరస్ అటు తిరుగుతాడు, హెర్మియోనికి ఆశ పుడుతుంది, ఒరెస్టిస్‌కి పోతుంది. మళ్లీ తిరుగుతుంది. ఒక తాడుకి కట్టిన నాలుగు గంటల్లా, ఒకటి కదిలితే నాలుగూ మోగుతాయి.

దీన్లో మనసులో ఉండిపోయేది హెర్మియోని. పేరు ఆండ్రొమకిది, నాటకం ఈమెది. పిరస్‌ని చంపితే నీదాన్ని అవుతా అని ఒరెస్టిస్‌ని పంపుతుంది. అతను పని పూర్తయిందని వచ్చి నిలబడితే, ఎందుకు చంపావు, ఏం చేశాడు వాడు, నిన్నెవరు చంపమన్నారు అని అడుగుతుంది. ఫ్రెంచిలో నాలుగే నాలుగు చిన్న ముక్కలు: “కి త లా ది?” నీకెవరు చెప్పారు? పొద్దున్నుంచి చెప్పింది ఈవిడే. చదువుతుంటే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

మరి దీన్ని రెండోదిగా ఎందుకు పెట్టాను? ఈ నాటకం పట్టుకోవాలంటే ట్రాయ్ యుద్ధంలో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలి. మన పిల్లలకి అభిమన్యుడు ఎవరి కొడుకంటే తడుముకోకుండా చెప్తారు. పిరస్ ఎవరి కొడుకు, హెర్మియోని ఎవరి కూతురు (హెలెన్ కూతురు), ఒరెస్టిస్ ఎవరి తాలూకు (అగమెమ్నాన్ కొడుకు) అని ప్రతి పేజీకీ వెనక్కి తిరగాలి. ‘ఇలియడ్’ చదివినవాళ్లకి ఈ అడ్డు లేదు, వాళ్లు నిక్షేపంగా దీనితో మొదలుపెట్టొచ్చు. కొత్తవాళ్లయితే ఒక కాగితం మీద రెండు వంశాలు గీసుకుని పక్కన పెట్టుకోండి.

‘ఇఫిజీనియా’ మూడోది

1674 ఆగస్టులో, ఫ్రాంష్-కోంతే అనే ప్రాంతాన్ని గెలిచిన సంబరాల్లో, వెర్సాయ్ తోటల్లో ఆడిన నాటకం ఇది. ట్రాయ్ మీదకి వెళ్లాల్సిన ఓడలు గాలి లేక ఆగిపోయాయి. రాజు కూతుర్ని బలిస్తేనే గాలి వస్తుందన్నారు. రాజు అగమెమ్నాన్ పెళ్లని చెప్పి కూతురు ఇఫిజీనియాకి కబురు పంపాడు, తెల్లవారుజామున మనసు మార్చుకుని రావద్దని ఇంకో మనిషిని పంపాడు. వాళ్లు దారి తప్పారు, ఆ మనిషి వాళ్లకి ఎదురుపడలేదు. దశరథుడికి మాట అడ్డం, ఈయనకి సైన్యాధిపత్యం అడ్డం.

మొదటి సీను అద్భుతం. అందరూ నిద్రలో ఉన్నారు, సైన్యం, గాలులు, సముద్రదేవుడూ కూడా, ఒక్క రాజు తప్ప. తల్లి క్లైటెమ్నెస్ట్రా నాలుగో అంకంలో మొగుణ్ణి కడిగిపారేసే చోటా అంతే. కానీ ముగింపు నాకు ఎక్కదు. ఎరిఫిల్ అని ఒక అనాథ అమ్మాయిని రసీన్ కథలో పెట్టాడు. ఆఖరికి ఆమె అసలు పేరు కూడా ఇఫిజీనియానే అని తేలి, దేవుడడిగింది ఆమెనే అంటారు. మంచి అమ్మాయిని చంపడం తనకి ఇష్టంలేదని, దేవత దిగి వచ్చి కాపాడితే ఈ కాలం వాళ్లు నమ్మరని రసీన్ సంజాయిషీ. అమ్మాయి బదులు లేడిని పెట్టి ఆమెను మాయం చేసిన గ్రీకువాళ్ల పద్ధతి కంటే ఇది నమ్మేలా ఉందా అంటే నాకు సందేహమే. నలుగురు కూర్చుని గొంతులు పంచుకుని చదవడానికి మాత్రం మూడింట్లోనూ ఇది బాగుంటుంది, బరువు ఒక్కరి మీదే పడదు.

రసీన్‌కి ముందుతరం ఫ్రెంచి నాటకకర్త కొర్నెయ్ 1635లో రాసిన ‘మెడీయా’ సంగతి కూడా అడుగుతారు. ఒక్క జవాబు కోసం చూడండి. దేశం కాదంది, మొగుడు కాదన్నాడు, ఇంత కష్టంలో నీకు ఏం మిగిలింది అంటే ‘నేను’ అంటుంది. మిగతాది కొర్నెయ్ అభిమానులకి వదిలేయొచ్చు.

ఏ అనువాదం?

‘ఫేడ్రా’కి ఇంగ్లీషులో చాలా ఉన్నాయి, ఎంపిక అక్కడ కష్టం. డబ్బు పెట్టకుండా చూద్దామంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో రాబర్ట్ బ్రూస్ బాస్వెల్ చేసిన పాత అనువాదం ఉంది. మర్యాదగా ఉంటుంది, కాస్త దుమ్ము వాసన. ఏం చెప్పాడో తిన్నగా తెలియాలంటే పెంగ్విన్ వాళ్లు వేసిన జాన్ కెయిర్న్‌క్రాస్ అనువాదం కొనండి. ‘ఇఫిజీనియా’ కూడా అదే సంపుటంలో వస్తుంది. (ఈ కెయిర్న్‌క్రాసే రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ వాళ్లకి బ్రిటిష్ రహస్యాలు చేరవేసిన మనిషి. ఎవరు నోరు తెరవాలో ఎవరు మూయాలో ఈయనకి బాగానే తెలిసుండాలి.) ప్రాస చెవిన పడాలంటే రిచర్డ్ విల్బర్. ‘ఫేడ్రా’, ‘ఆండ్రొమకి’ రెండూ ఆయన జంట ప్రాసల్లో చేశాడు, నా ఓటు ఆయనకే. టెడ్ హ్యూస్ 1998లో చేసినది ప్రాస వదిలేసి నెత్తుటి బొమ్మలతో నింపిన వచనకవిత. స్టేజీ మీద దద్దరిల్లుతుంది, కానీ అది సగం హ్యూస్. మొదటి పుస్తకంగా వద్దు.

ఫ్రెంచి నేర్చుకుంటున్నవాళ్లు మూలం చూసి భయపడకండి. రసీన్ వాడే మాటలు తక్కువ, వాటినే మళ్లీ మళ్లీ వాడతాడు. జ్వాల, సంకెళ్లు అని కనిపిస్తే ప్రేమ అనుకోండి, సగం గడ్డ ఎక్కినట్టే.

చదవడం కంటే చూడటం ఇష్టమైతే, పత్రీస్ షేరో 2003లో దొమినిక్ బ్లాంక్‌తో చేసిన ఫ్రెంచి ప్రదర్శన వీడియోగా దొరుకుతుంది. లండన్ నేషనల్ థియేటర్ 2009లో హెలెన్ మిరెన్‌తో హ్యూస్ పాఠాన్నే ఆడి, మొదటిసారి సినిమాహాళ్లలో లైవ్‌గా చూపించింది. సంగీతం కావాలంటే ఫ్రెంచి సంగీతకర్త రమో 1733లో ఇదే కథని ఒపెరా చేశాడు.

ఈ ఎంపిక బాధ మనకే కాదు, 1677 జనవరిలో పారిస్ వాళ్లకీ వచ్చింది. రసీన్ నాటకం మొదలైన రెండు రోజులకే ప్రదోన్ అనే ఆయన ఇదే కథతో ఇంకో నాటకాన్ని ఇంకో హాల్లో దించాడు. సంక్రాంతికి రెండు పెద్ద సినిమాలు ఢీకొన్నట్టు. రసీన్ అంటే గిట్టని డచెస్ ఆఫ్ బుయ్యోన్ వర్గం ఆయన నాటకం ఆడే హాల్లో సీట్లు కొనేసి ఖాళీగా ఉంచారని చెప్పుకుంటారు. ఇరు పక్షాలూ సానెట్లు (పద్నాలుగు పాదాల కవితలు) రాసుకుని తిట్టుకున్నారు. ప్రదోన్ ఫేడ్రాకి ఇంకా పెళ్లి కాలేదు, నిశ్చితార్థమే అయింది. అంటే పాపం కూడా సగమే. అప్పట్లో కొన్నాళ్లు అదీ బాగానే ఆడింది. ఆ ఏడే రసీన్ రాజుగారి ఆస్థాన చరిత్రకారుడి ఉద్యోగంలో చేరి, తర్వాత పన్నెండేళ్లు నాటకం ముట్టలేదు.

మొత్తం చదివే తీరిక ఇప్పుడు లేదు, పది నిమిషాలే ఉన్నాయంటారా? ‘ఫేడ్రా’ నాలుగో అంకం, ఆరో సీను తీయండి. చచ్చి ఎక్కడికి పోను అంటుందామె. తలెత్తితే ఆకాశంలో సూర్యుడు, తన తాత. పాతాళానికి పోతే అక్కడ తీర్పు చెప్పేది తన తండ్రి, కూతురు ఒప్పుకోబోయే నేరాలు వినలేక ఆయన చేతిలోంచి తీర్పుల కలశం జారి పడిపోవడం కనిపిస్తోంది అంటుంది. అక్కడ ఆగి, నచ్చితే మొదటి పేజీకి వెళ్లండి.